వెలిగింది కదా అని వదిలేయకండి: ఇంటి వైరింగ్‌లో, కరెంటు సామాన్లు బిగించడంలో జరిగే తప్పులు

మా ఇంట్లో గీజర్ సాకెట్ నాలుగేళ్లు బాగానే పనిచేసింది. ఒకరోజు పొద్దున్నే హాల్లో చేపల కంపులాంటి వాసన. ఇంట్లో చేపలు తెచ్చినవాళ్లు ఎవరూ లేరు. వాసన పట్టుకుని వెళ్తే అది గీజర్ స్విచ్ బోర్డు దగ్గర తేలింది, ప్లేటు మీద చెయ్యి పెడితే అప్పుడే ఆపిన ఇస్త్రీపెట్టెను ముట్టుకున్నట్టు ఉంది. మెయిన్ ఆపి విప్పితే ఫేజు వైరు (కరెంటు మోసుకొచ్చే వైరు) చివర అంగుళం మేర ఇన్సులేషన్ నల్లబడి, గోరు తగిలితే పొడిగా రాలిపోయింది. బిగించినతను ఆ స్క్రూని ఇంకో అర చుట్టు తిప్పలేదు, అంతే. ఆ నాలుగేళ్లూ వేడినీళ్లు మాత్రం ఠంచనుగా వచ్చాయి.

కరెంటు పనితో ఉన్న చిక్కంతా ఇదే. నల్లా సరిగ్గా బిగించకపోతే అప్పుడే నీళ్లు కారి చెప్తుంది. వైరింగ్ అలా చెప్పదు. తప్పు చేసినా బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, మనం "ఓకే" అనేసి డబ్బులిచ్చి పంపించేస్తాం. అందుకే ఇక్కడ ఒక్కో తప్పుతో పాటు, అంతా పనిచేస్తున్నా ఆ తప్పుని ఎలా పట్టుకోవాలో కూడా రాస్తున్నాను. అంకెలన్నీ 230 వోల్టుల సరఫరాకి, రాగి వైర్లకి సంబంధించినవి. మీరున్నచోట 110, 120 వోల్టులైతే అదే వాట్లకి ఆంపియర్లు దాదాపు రెట్టింపవుతాయి. మీ ప్రాంతపు నిబంధనలు ఇంకోలా చెబితే వాటినే పాటించండి.

1. ముట్టుకునే ముందు

స్విచ్ ఆపితే కరెంటు పోయినట్టు కాదు. ఆ స్విచ్‌ని ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో, అంటే కరెంటు తిరిగెళ్లే వైరులో, కలిపి ఉంటే (దీని సంగతి కింద చెప్తాను) బల్బు ఆరిపోయినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. కాబట్టి డీబీలో (ఇంటి లైన్లన్నీ విడిపోయే పెట్టెలో) ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్) దించాలి, దాని మీద టేపు అంటించి ఇంట్లోవాళ్లకి గట్టిగా చెప్పాలి. మీరు స్టూలెక్కి వైరు పట్టుకున్న సమయంలోనే "ఇదెవరు ఆపారు" అంటూ ఎవరో ఒకరు దాన్ని పైకి ఎత్తేస్తారు, ఇది రాసిపెట్టుకోండి.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో చాలామంది మర్చిపోయేది ఇంకొకటుంది. మెయిన్ దించగానే ఇన్వర్టర్‌కి కరెంటు పోయిందన్న కబురు వెళ్తుంది, అది వెంటనే తన లైన్లకి 230 వోల్టులు పంపిస్తుంది. మెయిన్ ఆపాను కదా అని బెడ్రూం లైటు విప్పితే షాక్ ఖాయం. ఇన్వర్టర్‌ని విడిగా ఆపండి, సోలార్ ఉంటే దాన్నీ ఆపండి.

ఆ తర్వాత కరెంటు లేదని రూఢి చేసుకోవాలి. స్క్రూడ్రైవర్ టెస్టర్ని నేను నమ్మను. అందులో లైటు వెలగాలంటే మీ ఒంటి గుండా ఓ చిన్న కరెంటు నేలకి పోవాలి, మీరు రబ్బరు చెప్పులేసుకుని చెక్క స్టూలు మీద ఉంటే కరెంటున్నా వెలక్కపోవచ్చు. పక్క వైరు ప్రభావంతో ఉత్త వైరు మీద కూడా ఒక్కోసారి మిణుకుమంటుంది. మల్టీమీటర్ కొనుక్కోండి. ముందు కరెంటున్న సాకెట్లో పెట్టి మీటర్ పనిచేస్తోందో లేదో చూడండి, తర్వాత మీరు విప్పబోయే పాయింట్‌లో చూడండి, మళ్లీ ఒకసారి ఆ మొదటి సాకెట్లో చూడండి. మూడోసారి ఎందుకంటే, మధ్యలో మీటర్ ప్రోబ్ ఊడిపోయినా మీటర్ సున్నాయే చూపిస్తుంది.

మీటర్ నుంచి డీబీ వరకు ఉన్న భాగం జోలికి మాత్రం వెళ్లకండి. అక్కడ మీ చేతిలో ఆపే స్విచ్ ఉండదు. అది లైసెన్స్ ఉన్నవాళ్ల పని.

2. లెక్క కాగితం మీద వేయండి

వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. 2000 వాట్ల గీజర్‌కి 8.7 ఆంపియర్లు, 3000 వాట్లదైతే 13. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెకి 4.3. ఇంటి ప్లాన్ మీద ఒక్కో లైన్ గీసి, దాని మీద ఒకేసారి నడిచేవాటిని కూడండి.

ఎక్కువ తేడాలొచ్చేది వంటగదిలో. 1500 వాట్ల కెటిల్, 1200 ఓవెన్, 750 మిక్సీ, మూడూ కలిస్తే 3450 వాట్లు, అంటే 15 ఆంపియర్లు. ఈ మూడింటికీ సాకెట్లు వేరువేరుగానే ఉంటాయి గానీ లోపల ఒకే వైరు ఒకదాన్నుంచి ఇంకోదానికి గొలుసులా వెళ్తుంది, అది పైకి కనపడదు. వంటగదికి కనీసం రెండు లైన్లు వేయించండి, గీజర్‌కి ఒకటి, ప్రతి ఏసీకి ఒకటి, అవన్నీ నేరుగా డీబీ నుంచే రావాలి. గోడలు పగలగొట్టి ఉన్నప్పుడే ఇది చేయించుకోండి, తర్వాత మనసొప్పదు.

3. వైరు, ఎంసీబీ: ఈ జంట చెడితే అంతా చెడినట్టే

ఎంసీబీ మీ ఏసీని కాపాడటానికి ఉందనుకుంటారు చాలామంది. కాదు, అది గోడలో ఉన్న వైరుని కాపాడటానికి. అందుకే దాని సైజు వైరుని బట్టి ఉండాలి. మామూలుగా వాడుకలో ఉన్న జతలు ఇవి: లైట్లు, ఫ్యాన్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ. పవర్ సాకెట్లకి 2.5 వైరు, 16 ఎంసీబీ. పెద్ద గీజర్, ఏసీలకి 4 వైరు, 20 లేదా 25. వైరు మరీ దూరం వెళ్తున్నా, ఒకే పైపులో చాలా వైర్లు కుక్కినా ఇంకో సైజు పెంచుకోవాల్సి వస్తుంది.

నేను చూసినవాటిలో అన్నిటికంటే భయంకరమైన తప్పు ఏంటంటే, "మాటిమాటికీ ట్రిప్ అవుతోంది" అని 16 తీసేసి 32 పెట్టడం. ట్రిప్పింగ్ ఆగిపోతుంది, అందరూ హాయిగా ఉంటారు. కానీ ఎంసీబీ తన మీద రాసిన అంకె దాటగానే టక్కున పడిపోదు. దానికి 1.45 రెట్ల కరెంటు వెళ్తే గంటలోపు పడాలి అన్నది దాని ప్రమాణం. అంటే 32 ఎంసీబీ 46 ఆంపియర్లని కూడా గంట దగ్గరదాకా పోనివ్వచ్చు, ఆ 46 ఆంపియర్లూ గోడలో ఉన్న 2.5 వైరు గుండా వెళ్తాయి. అప్పుడు ఆ ఇంట్లో ఫ్యూజ్ ఏది? ఆ వైరే.

ట్రిప్ అవుతోందంటే లోడ్ ఎక్కువైందా, షార్ట్ ఉందా, లేక మోటార్ మొదలయ్యేటప్పటి గుంజుడా అన్నది చూడాలి. మూడోదైతే ఆంపియర్లు పెంచక్కర్లేదు, రకం మార్చితే చాలు. బీ రకం ఎంసీబీ 3 నుంచి 5 రెట్ల కరెంటుకే వెంటనే పడిపోతుంది, సీ రకం 5 నుంచి 10 రెట్ల దాకా ఆగుతుంది. మోటార్లు, ఏసీలు ఉన్న లైన్లకి సీ సరిపోతుంది.

సన్న వైరు వేస్తే ఏమవుతుందో లెక్క చూడండి. డీబీ నుంచి 20 మీటర్ల దూరంలో 3000 వాట్ల గీజర్ ఉందనుకుందాం. పోనూ రానూ 40 మీటర్లు. 1.5 వైరైతే, 13 ఆంపియర్లు వెళ్తుంటే దాదాపు 80 వాట్లు గోడలోనే వేడిగా పోతాయి. 4 వైరైతే 30 వాట్లు. ఆ తేడా మీ బిల్లులో ఎప్పుడూ విడిగా కనపడదు, వైరు తొడుగు మీద మాత్రం ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంటుంది.

4. ఫేజు ఎక్కడ, న్యూట్రల్ ఎక్కడ, ఎర్త్ ఎక్కడ

స్విచ్ ఎప్పుడూ ఫేజుని తెంపాలి. న్యూట్రల్‌ని తెంపినా బల్బు ఆరుతుంది కాబట్టి తప్పు బయటపడదు. ఒక చిన్న ఆనవాలు ఉంది: ఆపిన తర్వాత కూడా ఎల్‌ఈడీ బల్బు రాత్రిపూట సన్నగా మిణుకుమంటుంటే స్విచ్ న్యూట్రల్‌లో ఉందేమో చూడాలి. సన్నలైటు ఉన్న స్విచ్‌లతో, పక్కపక్కనే సాగిన పొడవాటి వైర్లతో కూడా ఇలా జరుగుతుంది, కాబట్టి మీటర్‌తో చూశాకే తేల్చండి.

రంగుల్ని నమ్మకండి. పాత ఇళ్లలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. కొత్త పద్ధతిలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఎర్త్. ఎర్రవైరు అయిపోయిందని ఆకుపచ్చ వైరుతో ఫేజు లాగేసినవాళ్లు కూడా ఉన్నారు, అది విప్పబోయే మరో మనిషికి పెట్టిన ఉచ్చు.

ఇక ఎర్త్, అంటే సామాను లోహపు ఒంటిని నేలకి కలిపే వైరు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతావాటికంటే పొడవుగా ఎందుకుంటుందో గమనించారా? పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే ఆఖర్న విడవాలి. దాన్ని రంపంతో కోసేసి రెండు పిన్నుల సాకెట్లో దూర్చేవాళ్లున్నారు. మిక్సీ తిరుగుతుంది, నిజమే.

ఇంకో దొంగపని: ఇంట్లో ఎర్త్ వైరు లేనప్పుడు సాకెట్ వెనకాల న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ చిన్న ముక్కతో కలిపేస్తారు. అప్పటికి అన్నీ బాగానే ఉంటాయి. కానీ ఎక్కడో న్యూట్రల్ ఊడిపోతే, ఫేజు నుంచి ఫ్రిజ్ లోపలికెళ్లిన కరెంటు న్యూట్రల్‌కి, అక్కణ్నుంచి ఆ ముక్క గుండా ఫ్రిజ్ ఒంటికి వస్తుంది. తలుపు పిడి పట్టుకున్నవాళ్ల మీద 230 వోల్టులు. ఎర్త్ లేకపోవడం కంటే ఇది అన్యాయం.

వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే జిల్లుమంటోంది, మెషిన్ పాడైందేమో అంటారు. ఎక్కువసార్లు మెషిన్ బాగానే ఉంటుంది. లోపలున్న ఫిల్టర్‌లో ఫేజు నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ ఆ రెంటి మధ్యలో వేలాడుతూ సుమారు సగం వోల్టేజీకి చేరుతుంది. మీటర్‌తో బాడీకీ అసలైన ఎర్త్‌కీ మధ్య చూస్తే 110 దరిదాపుల్లో చూపిస్తుంది. ఆ కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని వదిలేస్తుంది. అయితే అది నిజంగా కెపాసిటరేనా, లోపల వైరు ఒరుసుకుని బాడీకి తగులుతోందా అన్నది చేతితో తెలీదు, కాబట్టి ఎర్త్ సరిచేసేదాకా ప్లగ్ పీకి ఉంచండి.

5. ఆర్‌సీసీబీ: తీసేయకండి, అర్థం చేసుకోండి

ఆర్‌సీసీబీ అంటే కరెంటు దారి తప్పి నేలకి పోతుంటే లైను తెంపేసే స్విచ్. "మాకు ఎర్త్ గుంత తవ్వించాం, ఇంక ఆర్‌సీసీబీ ఎందుకు" అంటారు. ఎర్త్ గుంత నిరోధం 10 ఓంలు ఉందనుకోండి. గీజర్ బాడీకి ఫేజు తగిలితే నేలలోకి 230ని 10తో భాగించినంత, అంటే 23 ఆంపియర్లు పోతాయి. 20 ఎంసీబీకి అది కాస్త ఎక్కువ లోడు, అంతే, చాలాసేపు పడకుండా అలాగే కూచోవచ్చు, బాడీ మీద వోల్టేజీ అలాగే ఉంటుంది. అదే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా 30 మిల్లీఆంపియర్లకి చేరితే సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా తెంపేస్తుంది. తేడా పెద్దదైతే ఇంకా త్వరగా.

అది చేయలేనివి కూడా ఉన్నాయి. ఓవర్‌లోడ్ దానికి పట్టదు, కాబట్టి ఎంసీబీ ఉండాల్సిందే. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మీరు దానికి ఒక బల్బులాగే కనిపిస్తారు.

బిగించేటప్పుడు జరిగే తప్పు ఒకటే, కానీ దానికి గంటలు గంటలు పోతాయి. ఆర్‌సీసీబీ దాటి వెళ్లిన ఫేజు తాలూకు న్యూట్రల్ మళ్లీ దాని గుండానే రావాలి. ఇంట్లో రెండు ఆర్‌సీసీబీలు పెట్టి న్యూట్రల్స్ అన్నీ ఒకే పట్టీకి కలిపేస్తే, ఏదో లైటు వేయగానే టప్పున పడుతుంది. "ఆర్‌సీసీబీ ఖరాబైంది" అని దాన్ని తీసి డైరెక్ట్ చేసేస్తారు. ఒక్కో దానికి విడి న్యూట్రల్ పట్టీ పెడితే సరిపోయేది.

పడుతుంటే ఇలా వెతకండి. ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ వెళ్లండి, ఏది ఎత్తితే పడిందో ఆ లైన్లో ప్లగ్గులన్నీ పీకి మళ్లీ చూడండి. అన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలబడట్లేదంటే ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కి తగులుతూ ఉండొచ్చు. ఒంటి పోల్ ఎంసీబీ ఫేజునే తెంపుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది కదా. దాని మీదున్న టెస్ట్ బటన్ అప్పుడప్పుడూ నొక్కుతూ ఉండండి, ఏళ్లపాటు కదలనిది అవసరానికి కదలకపోవచ్చు.

6. జాయింట్లు

నేను మొదట చెప్పిన గీజర్ కథంతా ఇక్కడిదే. లూజు స్క్రూ దగ్గర అర ఓం నిరోధం ఏర్పడి, 10 ఆంపియర్లు వెళ్తున్నాయనుకోండి. పదిని పదితో గుణించి సగం చేస్తే 50 వాట్లు, అంటే మొబైల్ రిపేర్ వాళ్లు వాడే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేంత, స్విచ్ బోర్డులో మినపగింజంత చోట. వేడికి స్క్రూ ఇంకాస్త వదులవుతుంది, రాగి నల్లబడుతుంది, నిరోధం పెరుగుతుంది, మళ్లీ వేడి. ఎంసీబీకి మాత్రం 10 ఆంపియర్లే కనిపిస్తున్నాయి, అది ఎందుకు పడుతుంది?

వైరు ఒలిచేటప్పుడు పళ్లతో, బ్లేడుతో కాకుండా స్ట్రిప్పర్‌తో ఒలవండి. బ్లేడు గాటు పడిన తీగలు వంచగానే విరుగుతాయి, 2.5 వైరు అక్కడ 1.5 అయిపోతుంది. ఎంత ఒలవాలంటే టెర్మినల్ లోపలికి పూర్తిగా వెళ్లేంత, సుమారు 10 మిల్లీమీటర్లు. తక్కువ ఒలిస్తే స్క్రూ ప్లాస్టిక్ మీద బిగుసుకుంటుంది, చేతికి గట్టిగానే అనిపిస్తుంది, అదే మోసం. సన్నతీగల వైరుకి చివర ఫెర్రూల్ గానీ లగ్గు గానీ (తీగలన్నిటినీ కలిపి పట్టుకునే చిన్న లోహపు తొడుగు) నొక్కించండి. బిగించాక వైరుని పట్టి గట్టిగా లాగండి. రావాలనుకుంటే ఇప్పుడే రానివ్వండి.

గోడ పైపుల మధ్యలో జాయింట్ వద్దు. వైరు చాలకపోతే కొత్తది లాగాలి, లేదా మూత తీయగలిగే బాక్సులో కనెక్టర్‌తో కలపాలి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్ కొన్నేళ్లకి టేపు జిగురు ఎండిపోయి అట్టలా ఊడుతుంది. పాత ఇంట్లో అల్యూమినియం వైరుంటే దాన్ని రాగితో నేరుగా మెలిపెట్టకండి, ఆ రెంటి కోసమే చేసిన కనెక్టర్లు దొరుకుతాయి.

మూడు ఫేజుల ఇళ్లవాళ్లకి ఒక మాట. మెయిన్ న్యూట్రల్ వదులైతే, తక్కువ లోడున్న ఫేజులో వోల్టేజీ 300 దాటి 400 వైపు కూడా పోవచ్చు. ఒక గదిలో లైట్లు డిమ్మై, ఇంకో గదిలో కళ్లు చెదిరేలా వెలిగాయంటే ఆలోచించకుండా మెయిన్ దించేయండి. టీవీ, ఫ్రిజ్, రౌటర్ ఒకేసారి పోయేది ఇలాగే.

7. సామాన్లు బిగించేటప్పుడు

గీజర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 25 లీటర్ల గీజర్‌లో నీళ్లే 25 కిలోలు, దానికి ట్యాంకు బరువు తోడు, కాబట్టి గుల్ల ఇటుకల గోడకి మామూలు ప్లగ్గులు పనికిరావు. ట్యాంకు నిండి వేడినీళ్ల నల్లాలో నీళ్లు ధారగా వచ్చేదాకా స్విచ్ వేయకూడదు, ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ నిమిషాల్లో కాలిపోతుంది. కింద ప్రెషర్ వాల్వ్ నుంచి చుక్కలు పడుతుంటే చిరాకుపడి దానికి మూత బిగించేస్తారు కొందరు. నీరు వేడెక్కి ఉబ్బినప్పుడు ఆ ఒత్తిడి బయటికిపోయే దారి అది. దాన్ని మూసేస్తే మీరు బాత్రూంలో బాంబు పెట్టుకున్నట్టే. ఆ చుక్కలకి ఒక సన్న పైపు తగిలించి కిందికి వదలండి, పైపు కొస మాత్రం తెరిచే ఉండాలి. స్విచ్ స్నానపు గది బయట, ఫేజునీ న్యూట్రల్‌నీ రెంటినీ తెంపే రకం అయితే మంచిది.

ఏసీకి ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు, తాత్కాలికంగా కూడా వద్దు. బిగించడానికి వచ్చినవాళ్లు పైపుల్లో గాలిని వాక్యూమ్ పంపుతో తీస్తున్నారా, కాస్త గ్యాస్ వదిలి తోసేస్తున్నారా చూడండి. రెండోది ఐదు నిమిషాల పని, తేమ లోపలే ఉండిపోతుంది. డ్రెయిన్ పైపు బయటికి వాలుగా ఉండాలి.

ముందు తలుపు వాషింగ్ మెషిన్‌కి వెనకాల రవాణా బోల్టులుంటాయి, అవి తీయకుండా నడిపితే మెషిన్ గదంతా నడుస్తుంది.

సీలింగ్ ఫ్యాన్‌లో తప్పు కరెంటుది కాదు, ఇనుముది. కొక్కేనికి వేసిన బోల్టుకి నట్టుతో పాటు చీలిక పిన్ను కూడా ఉంటుంది, దాని రెండు కాళ్లూ విడదీసి వంచాలి. వంచకుండా ఊరికే దూర్చి ఫ్యాను రాడ్డుకుండే మూత పైకి జరిపేస్తే కింద నుంచి ఎవరికీ కనపడదు. ఫ్యాను ఊగుతూ ఊగుతూ ఉంటే నట్టు వదులవుతుంది. మీ కళ్లముందే వంచమనండి.

ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఇంకో ఎక్స్‌టెన్షన్, దానికి హీటర్. ఎందుకు వద్దో ఈపాటికి మీకే తెలిసి ఉంటుంది. చుట్టచుట్టే రీలు రకం అయితే పెద్ద లోడుకి వాడేముందు మొత్తం విప్పేయండి, చుట్టలో వైరు వేడి బయటికి పోలేక కరిగి అంటుకుపోతుంది.

8. అయిపోయింది అనుకున్నాక

డబ్బులిచ్చేముందు మల్టీమీటర్ తీయండి. ప్రతి సాకెట్లో ఫేజుకీ న్యూట్రల్‌కీ 230 దరిదాపుల్లో రావాలి, ఫేజుకీ ఎర్త్‌కీ కూడా దాదాపు అంతే. ఫేజు, ఎర్త్‌ల మధ్య బాగా తక్కువొస్తే ఎర్త్ లేనట్టు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులుంటే మామూలే, పది దాటితే ఎక్కడో న్యూట్రల్ వదులుగా ఉందేమో చూడాలి. దూరపు సాకెట్లో పెద్ద లోడు నడుస్తుండగా కూడా కచ్చితంగా సున్నా చూపిస్తుంటే సంతోషించకండి, వెనకాల ఆ దొంగ ముక్క ఉందేమో విప్పి చూడండి.

తర్వాత ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్. తర్వాత డీబీ తలుపు లోపల ఏ ఎంసీబీ ఏ గదిదో కాగితం మీద రాసి అంటించండి, ప్లాస్టరింగ్‌కి ముందు గోడ పైపుల ఫొటోలు తీసి దాచండి, రేపు మేకు కొట్టేటప్పుడు పనికొస్తాయి.

ఆఖరి పరీక్షకి మీటర్ అక్కర్లేదు. గీజర్, ఏసీ, ఇస్త్రీపెట్టె, ఏది ఎక్కువ లాగుతుందో దాన్ని అరగంట నడపండి. స్విచ్ ఆపి ప్లగ్ పీకి, పొడి చేత్తో ముందు ప్లేటునీ తర్వాత ప్లగ్ ఒంటినీ తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి నిలవట్లేదంటే డీబీలో ఆ లైను దించి, బోర్డు విప్పి, స్క్రూల దగ్గర మళ్లీ మొదలుపెట్టండి. నెల తర్వాత ఇంకోసారి ఇదే చేయండి, కొత్త వైరు స్క్రూ కింద కాస్త కుదురుకుని వదులై ఉండొచ్చు.